సామాజికశాస్త్ర పరిశోధన - దూరవిద్య: నిబంధనలు కొలవని దూరం

వ్యాససంగ్రహం:

దూరవిద్యా పద్ధతిలో పి.హెచ్‌డి. నిర్వహించరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో విధించిన నిషేధం 2016, 2022 నిబంధనల్లోనూ కొనసాగింది. మరోవైపు పార్ట్‌టైమ్ పి.హెచ్‌డి.కి అనుమతి ఉంది. ఉద్యోగం చేసుకుంటూ, విశ్వవిద్యాలయానికి దూరంగా ఉండి పరిశోధన చేసే సామాజికశాస్త్ర అధ్యాపకుల విషయంలో ఈ రెండింటికీ ఆచరణలో ఎంత తేడా ఉందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. క్షేత్రానికీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం ఈ శాస్త్రాలకు కొత్త కాదనీ, పరిశోధనను బలహీనపరిచేది పరిశోధకుడి పనిని నడుమ నడుమ నిలదీసే వ్యవస్థ లేకపోవడమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దూరవిద్య, పార్ట్‌టైమ్ పి.హెచ్‌డి., సామాజికశాస్త్రాలు, క్షేత్ర పరిశోధన, పర్యవేక్షణ, పరిశోధక సలహా సంఘం.

ఉపోద్ఘాతం:

ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించింది. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం 1977లో అదే బాట పట్టాయి. 1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు మీద ఉంది. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి ప్రభుత్వపాలనాశాస్త్రంలో, ముఖ్యంగా పంచాయతీరాజ్ వ్యవస్థ మీద కృషి చేసిన సామాజికశాస్త్రవేత్త. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయనే తొలి ఉపకులపతి. తరువాత 1991 నుంచి 1995 వరకు యు.జి.సి. అధ్యక్షులుగా పనిచేశారు. దేశంలో సార్వత్రిక విద్యకు రూపమిచ్చిన వ్యక్తి ఒకప్పుడు నడిపిన సంస్థే 2009లో ఆ విద్యకు పై మెట్టును మూసివేసింది. ఈ నిర్ణయం సరైనదా కాదా అని వాదించడం తేలిక. అది దేన్ని నిషేధించింది, దేన్ని వదిలేసింది అన్నది చూడటం అంతకంటే అవసరం.

నిషేధం - నేపథ్యం:

2009 జూలైలో వెలువడిన నిబంధనలు ఏ విశ్వవిద్యాలయమూ దూరవిద్యా పద్ధతిలో ఎం.ఫిల్., పి.హెచ్‌డి. నిర్వహించరాదని స్పష్టం చేశాయి. 2016 నిబంధనలు ఆ మాటనే మళ్ళీ చెప్పాయి. 2022 నవంబరులో వచ్చిన నిబంధనలు ఎం.ఫిల్.ను పూర్తిగా తొలగించి, దూరవిద్యకు తోడు ఆన్‌లైన్ పద్ధతిని కూడా నిషేధంలో చేర్చాయి. అంతకు కొద్ది రోజుల ముందే, విదేశీ విద్యాసంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు ప్రకటిస్తున్న ఆన్‌లైన్ పి.హెచ్‌డి.లకు గుర్తింపు లేదని యు.జి.సి., ఎ.ఐ.సి.టి.ఇ. ఉమ్మడిగా హెచ్చరించాయి.

ఈ కఠినత్వానికి కారణం లేకపోలేదు. 2006లో యు.జి.సి. ఎం.ఫిల్. ఉన్నవారికి డిగ్రీ స్థాయి బోధనకు, పి.హెచ్‌డి. ఉన్నవారికి పి.జి. స్థాయి బోధనకు నెట్ నుంచి మినహాయింపు ఇచ్చింది. దానితో ఎం.ఫిల్. పట్టాకు ఒక్కసారిగా గిరాకీ ఏర్పడింది. పొరుగు రాష్ట్రాల్లోని కొన్ని విశ్వవిద్యాలయాల నుంచి దూరవిద్యలో ఎం.ఫిల్. తెచ్చుకున్న అధ్యాపకులు తెలుగు కళాశాలల్లో చాలామందే ఉన్నారు. వారిలో నిజాయితీగా చదివినవారూ ఉన్నారు, సంతకాలతో సరిపెట్టుకున్నవారూ ఉన్నారు. పట్టా విలువ దిగజారిందన్న ఆందోళన న్యాయమైనదే. అయితే ఆ గిరాకీని సృష్టించింది అర్హత నిబంధన. శిక్ష పడింది మాత్రం బోధనా పద్ధతికి.

ఈ తికమక 2016 జూలై సవరణలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2009కి ముందు నమోదైన పి.హెచ్‌డి.లకు నెట్ మినహాయింపు దక్కాలంటే ఐదు షరతులు పెట్టారు. పట్టా రెగ్యులర్ పద్ధతిలోనే పొంది ఉండాలి. సిద్ధాంత వ్యాసాన్ని కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు మూల్యాంకనం చేసి ఉండాలి. బహిరంగ మౌఖిక పరీక్ష జరిగి ఉండాలి. రెండు పరిశోధన పత్రాలు ప్రచురితమై, వాటిలో ఒకటైనా రిఫరీడ్ పత్రికలో వచ్చి ఉండాలి. రెండు సదస్సుల్లో పత్రసమర్పణ చేసి ఉండాలి. వీటిలో చివరి నాలుగు పరిశోధన గురించినవి. ఆ పనిని ఎవరు చూశారు, ఎవరు ప్రశ్నించారు అన్నది అడుగుతాయి. మొదటిది ఒక్కటే ఆ పని ఏ పద్ధతిలో నమోదైందని అడుగుతుంది. నాలుగు షరతులు నెగ్గిన సిద్ధాంత వ్యాసం మొదటిదాని దగ్గర ఓడిపోవచ్చు. నాలుగింటినీ లాంఛనంగా దాటించిన రెగ్యులర్ వ్యాసానికి మాత్రం ఏ అడ్డంకీ లేదు.

దూరవిద్య బలం ఎక్కడ ఆగుతుంది?

నిషేధాన్ని విమర్శించేవారు సాధారణంగా ఒక వాదన చేస్తారు: డిగ్రీ, పి.జి. దూరవిద్యలో చెల్లినప్పుడు పి.హెచ్‌డి. ఎందుకు చెల్లదు? వినడానికి బాగున్నా ఈ వాదన నిలవదు. జర్మన్ పండితుడు ఓటో పీటర్స్ 1960లలోనే దూరవిద్యను బోధనకు పారిశ్రామిక రూపంగా వర్ణించాడు. పాఠాన్ని కొందరు నిపుణులు ముందే రాస్తారు, కొందరు సరిచూస్తారు, అచ్చవుతుంది, వేలమందికి ఒకే నాణ్యతతో చేరుతుంది. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు పాఠ్యపుస్తకాల విజయం ఇదే. ఆ విశ్వవిద్యాలయంలో చేరనివారు కూడా పోటీపరీక్షల కోసం ఆ పుస్తకాలు కొని చదువుతారు. చరిత్ర, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం తెలుగులో చదివిన ఒక తరానికి అవే అసలు గురువులు.

పి.హెచ్‌డి. దగ్గర ఈ యంత్రం ఆగిపోతుంది. పరిశోధకుడి కోసం ముందే రాసి పెట్టగల పాఠం ఉండదు. ఉంటే అది పరిశోధన కాదు. కాబట్టి దూరవిద్య తనకు బాగా చేతనైన పనిని ఈ స్థాయిలో చేయలేదు. అధ్యయన కేంద్రం, ఆదివారపు సంపర్క తరగతి, అసైన్‌మెంటు, ఇవేవీ పరిశోధకుడికి ఉపయోగపడవు. డిగ్రీ నుంచి పి.జి.కి పొడిగించినట్టు దూరవిద్యను పి.జి. నుంచి పి.హెచ్‌డి.కి పొడిగించాలనడం ఆ తేడాను విస్మరించడమే.

అలాగని దూరమే దోషమనీ తేల్చలేము. మైకేల్ మూర్ ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ ఉపయోగపడుతుంది. బోధనలో ఏర్పడే దూరం కిలోమీటర్లది కాదనీ, గురుశిష్యుల అవగాహనలో, సంభాషణలో ఏర్పడే ఎడమనీ ఆయన అంటాడు. ఆ ఎడాన్ని నిర్ణయించేవి మూడు: పాఠ్యక్రమ నిర్మాణం, సంభాషణ, అభ్యాసకుడి స్వతంత్రశక్తి. డిగ్రీ దూరవిద్యలో సంభాషణ తక్కువైనా నిర్మాణం గట్టిగా ఉంటుంది. పి.హెచ్‌డి.లో కోర్స్‌వర్క్ ముగిశాక నిర్మాణం దాదాపు ఉండదు. అప్పుడు భారమంతా సంభాషణ మీద పడుతుంది. అది కూడా లేకపోతే మిగిలేది పరిశోధకుడి ఒంటరి పట్టుదల ఒక్కటే. ఇదే కొలతతో చూస్తే, నెలకొకసారి చిత్తుప్రతి చదివి ఇరవై ప్రశ్నలు రాసి పంపే దూరపు పర్యవేక్షకుడి కంటే, పక్క గదిలో ఉండి ఆరునెలలకొకసారి సంతకం పెట్టే పర్యవేక్షకుడే పరిశోధకుడికి దూరం. కోవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో, మౌఖిక పరీక్షనే వీడియో మాధ్యమంలో నిర్వహించుకోవచ్చని యు.జి.సి. మార్గదర్శకాలు అనుమతించాయి. పరీక్షకుడు, అభ్యర్థి ఎదురెదురుగా కూర్చోకపోయినా ప్రశ్న ప్రశ్నగానే ఉంటుందని అప్పుడు ఒప్పుకొన్నట్టే.

క్షేత్రం నుంచి చూస్తే:

సామాజికశాస్త్రాల చరిత్రలో దూరానికి మరో అర్థం ఉంది. సుదీర్ఘ క్షేత్ర పరిశోధనకు ప్రామాణిక రూపమిచ్చినవాడిగా మాలినోవ్‌స్కీని ప్రతి మానవశాస్త్ర విద్యార్థీ చదువుతాడు. లండన్ విశ్వవిద్యాలయం 1916లో ఆయనకు డి.ఎస్సి. పట్టా ఇచ్చింది, ఆస్ట్రేలియా ఆదివాసుల కుటుంబవ్యవస్థ మీద, మైలూ ప్రజల మీద అప్పటికే అచ్చయిన రచనల ఆధారంగా. అప్పటికి ఆయన ఇంగ్లండులో లేడు. 1914లో ఆస్ట్రేలియాకు వెళ్ళినవాడు ఆ ప్రాంతంలోనే ఉండిపోయాడు. లండన్‌లోని ఆచార్యుడు సెలిగ్‌మన్‌తో సంబంధమంతా ఉత్తరాల్లోనే. నేటి నిబంధనల భాషలో దీన్ని ఏ పద్ధతి అనాలో చెప్పడం కష్టం. అయితే ఉత్తరాలతోనే కథ ముగియలేదు. తరువాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆయన నడిపిన సెమినార్ ఒక తరం మానవశాస్త్రవేత్తలను తయారుచేసింది. క్షేత్రం నుంచి వచ్చినవారు అక్కడ తమ సామగ్రిని పదిమంది ముందు పెట్టి నిలబెట్టుకోవలసి వచ్చేది. సామాజికశాస్త్రాల్లో డాక్టరేటుకు ఈ రెండు భాగాలూ కావాలి: విశ్వవిద్యాలయానికి దూరంగా గడిపే కాలం, తిరిగి వచ్చి ప్రశ్నలకు నిలబడే కాలం.

తెలుగు ప్రాంతంలో ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన ‘ఇండియన్ విలేజ్’ హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేట మీద సాగిన అధ్యయనం. 1951-52లో ఉస్మానియా నుంచి వివిధ విభాగాల బృందం ఆ ఊరికి వెళ్ళింది. నేటి పార్ట్‌టైమ్ పరిశోధకుడి స్థితి దీనికి తలకిందులు. అతడు ఊళ్ళోనే ఉంటాడు. విశ్వవిద్యాలయమే అతడికి దూరం. ఏ మండల కేంద్రంలోనో డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే అధ్యాపకుడు ఆ మండలంలోని కౌలురైతుల మీద పరిశోధన చేస్తున్నాడనుకుందాం. బృందాలు నెలల తరబడి శ్రమించి సంపాదించే పరిచయం అతడికి ఉద్యోగంతోనే వచ్చింది. కౌలురైతుల పిల్లలు అతడి తరగతిలోనే ఉంటారు. ఏ పొలం ఎవరి పట్టా, ఎవరి సాగు అన్నది అతడికి టీ కొట్టు దగ్గరే తెలుస్తుంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకు అందింది, కౌలుదారుకు అందలేదు. ఆ నిర్ణయం నోటిమాట ఒప్పందాలను ఎలా మార్చిందో కనిపెట్టగల స్థానం అతడిది. హైదరాబాదు నుంచి ప్రశ్నావళి పట్టుకొని వచ్చే పూర్తికాల పరిశోధకుడికి ఆ స్థానం అంత తేలిగ్గా దొరకదు.

అయితే ఈ సాన్నిధ్యంలోనే అసలు ప్రమాదం ఉంది. అతడు ఊరివాడు, అతడి కుటుంబానికి భూమి ఉండవచ్చు, అది కౌలుకే ఇచ్చి ఉండవచ్చు. అతడి కులం ఊరందరికీ తెలుసు. ప్రశ్న అడిగేది ‘సారు’ కాబట్టి, సారుకు చెప్పదగిన జవాబే వస్తుంది. కౌలు ఎంత అని అడిగితే పట్టాదారుకు ఇబ్బంది కలగని అంకె చెబుతారు. తన ఊరు కాబట్టి అతడికి వింతగా తోచనివి చాలా ఉంటాయి, అవి క్షేత్ర పుస్తకంలోకే ఎక్కవు. సొంత సమాజాన్ని అధ్యయనం చేసేవారి ఈ చిక్కును ఎం.ఎన్. శ్రీనివాస్ మొదలు ఎందరో చర్చించారు. దీనికి మందు మరికొంత సమాచార సేకరణ కాదు. ‘ఈ రైతు నీతో ఇలా ఎందుకు అన్నాడు? నువ్వు కాక వేరొకరు అడిగితే ఏమనేవాడు?’ అని అడిగే మనిషి కావాలి. మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్న పర్యవేక్షకుడికి చేరేది ప్రశ్నావళి లెక్కల పట్టికలు. పట్టికలో కులం ఒక వరుస, భూపరిమాణం ఒక వరుస. పరిశోధకుడు కూర్చున్న మంచం ఎవరి ఇంటి ముందు వేసి ఉందో అందులో ఉండదు. ఈ లోపం పార్ట్‌టైమ్ పరిశోధకుడికే పరిమితం కాదు. కానీ పూర్తికాల పరిశోధకుడికి క్యాంటీన్‌లోనో హాస్టల్‌లోనో సాటి పరిశోధకుడెవరో ఆ ప్రశ్న అడిగే అవకాశం ఉంది. దూరంగా ఉన్నవాడికి ఆ అవకాశాన్ని వ్యవస్థే కల్పించాలి.

భాష అనే ఎడం:

దూరవిద్య ద్వారా తెలుగు మాధ్యమంలో బి.ఎ., ఎం.ఎ. చదివి పరిశోధనకు వచ్చినవారికి మరో దూరం ఎదురవుతుంది. సంభాషణలు తెలుగులో, కొన్నిచోట్ల గోండీలో, లంబాడీలో జరుగుతాయి. సిద్ధాంత వ్యాసం చాలావరకు ఇంగ్లీషులో రాయాలి. తెలంగాణ పల్లెల్లో ‘జీతగాడు’ అన్న ఒక్క మాట తీసుకుంటే చాలు. దాన్ని ‘ఫార్మ్ సర్వెంట్’ అని రాస్తే అదొక ఉద్యోగం. ‘అటాచ్డ్ లేబరర్’ అని రాస్తే శ్రమసంబంధాల చర్చలో ఒక వర్గం. ‘బాండెడ్ లేబరర్’ అని రాస్తే 1976 నాటి చట్టం కింద నేరం. దక్షిణ గుజరాత్ హాలీల మీద యాన్ బ్రెమన్ చేసిన పని మొదలుకొని, ఇలాంటి శ్రామికుడి స్థితిని ఏ పేరుతో పిలవాలన్నదే ఒక పెద్ద వాదం. పరిశోధకుడు నిఘంటువు చూసి ఒక మాట ఎంచుకున్న క్షణంలోనే ఆ వాదంలో ఒక పక్షం తీసుకున్నాడు. తీసుకున్నట్టు అతడికి తెలియకపోవచ్చు. ఇంగ్లీషు అధ్యాయం మాత్రమే చదివే పర్యవేక్షకుడికీ తెలియదు. తెలుగు క్షేత్ర పుస్తకాన్ని పర్యవేక్షకుడు చూడాలన్న నియమం సాధారణంగా ఎక్కడా అమలులో లేదు.

2018లో వచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు పోలిక శాతాన్ని కొలుస్తాయి; పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు. ఈ కొలత పరాయి వాక్యాన్ని పట్టుకోగలదు గాని, తప్పు అనువాదాన్ని పట్టుకోలేదు. ఇంగ్లీషు పుస్తకం నుంచి తెలుగులోకి దింపుకున్న పేరాను పట్టుకోవడమూ దానికి అంత సులభం కాదు.

గ్రంథాలయ దూరం మాత్రం కొంత తగ్గిందనే చెప్పాలి. శోధ్‌గంగలో సిద్ధాంత వ్యాసాలు ఇంటినుంచే చదవవచ్చు. 2025 జనవరిలో అమలుకు వచ్చిన ‘ఒకే దేశం - ఒకే చందా’ పథకం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు దాదాపు 13,000 పత్రికలను అందుబాటులోకి తెచ్చింది. ప్రైవేటు డిగ్రీ కళాశాలల అధ్యాపకులు దాని పరిధిలో లేరు. దస్త్రాల కోసం తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారానికి మాత్రం వెళ్ళక తప్పదు.

పార్ట్‌టైమ్ అనే మధ్యేమార్గం:

దూరవిద్యను నిషేధించిన 2022 నిబంధనలే పార్ట్‌టైమ్ పి.హెచ్‌డి.ని అనుమతించాయి. సార్వత్రిక విశ్వవిద్యాలయాలు కూడా నేడు దూరవిద్యేతర పద్ధతిలోనే పరిశోధకులను చేర్చుకోవాలి. పార్ట్‌టైమ్ అభ్యర్థి యజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. పార్ట్‌టైమ్‌గా చదువుకోవడానికి అనుమతి ఉందనీ, ఉద్యోగ బాధ్యతలు పరిశోధనకు తగిన సమయం మిగులుస్తాయనీ, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం విధుల నుంచి విడుదల చేస్తామనీ అందులో ఉండాలి. రెగ్యులర్ అధ్యాపకుడికి ఇది ఒక దరఖాస్తు. కాంట్రాక్టు, అతిథి అధ్యాపకులకు గోడ. ఏటేటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే ఉద్యోగి కనీసం మూడేళ్ళు, సాధారణంగా ఆరేళ్ళు పట్టే పని కోసం ఎవరి దగ్గర హామీ తేవాలి? విధుల నుంచి విడుదలైన నెలకు జీతం రాని గంటల వేతనం అధ్యాపకుడికి ఆ మూడో అంశం సౌకర్యం కాదు, నష్టం. దూరవిద్య అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్నది వీరికే.

స్త్రీల విషయంలో 2022 నిబంధనలు కొంత మెరుగు. గరిష్ఠ కాలం పదేళ్ళ వరకు పొడిగించుకోవచ్చు, ప్రసూతి, శిశుసంరక్షణ కోసం 240 రోజుల సెలవు ఉంది. అయితే ఇవన్నీ కాలాన్ని ఇచ్చేవే. సాయంత్రం నాలుగున్నరకు కళాశాల ముగించుకొని ఇంటికి చేరవలసిన అధ్యాపకురాలికి కొరవడింది ఏళ్ళు మాత్రమే కాదు. విశ్వవిద్యాలయ నగరంలో సెమినార్ ముగిసే దాకా ఉండగలిగే ఒక రాత్రి కూడా.

నిలదీసే వ్యవస్థ:

2022 నిబంధనల ప్రకారం పరిశోధకుడు ప్రతి సెమిస్టరు పరిశోధక సలహా సంఘం ముందు హాజరై తన ప్రగతిని వివరించాలి. సంఘం సిఫారసులు విశ్వవిద్యాలయానికి చేరాలి. ప్రగతి సంతృప్తికరంగా లేకపోతే కారణాలు నమోదు చేసి, దిద్దుబాటు సూచించాలి. ఏర్పాటు మంచిదే. కానీ ‘సంతృప్తికరం’ అని రాసినప్పుడు ఏ కారణమూ నమోదు కానక్కర లేదు. ఆచరణలో ఎక్కువగా కనిపించేది ఆ ఒక్క మాటే. పార్ట్‌టైమ్ పరిశోధకుడు రాత్రి బస్సులో వచ్చి, పదిహేను నిమిషాలు మాట్లాడి, సంతకాలు చేయించుకొని, మరుసటి ఉదయం తరగతికి అందుకునేలా తిరిగి వెళ్ళడం ఏ విభాగానికీ కొత్త దృశ్యం కాదు. అతడు హాజరైనట్టు రుజువు ఉంటుంది. అతడిని ఏం అడిగారన్న దానికి రుజువు ఉండదు.

ఇతర అధ్యాపకులు, సాటి పరిశోధకులు హాజరు కాగలిగేలా పరిశోధకుడు తన పనిని వినిపించాలని ఆ నిబంధనలే ఒక చోట చెబుతున్నాయి. అయితే అది సిద్ధాంత వ్యాసం సమర్పించడానికి ముందు జరిగే ప్రదర్శన. అప్పటికి క్షేత్రకార్యం అయిపోయింది, పట్టికలు వేశారు, అధ్యాయాలు బైండింగ్‌కు సిద్ధమయ్యాయి. ‘ఈ రైతు నీతో ఇలా ఎందుకు అన్నాడు?’ అని ఎవరైనా అప్పుడు అడిగినా ఆ ఊరికి తిరిగి వెళ్ళే సమయం ఉండదు. అదే ప్రదర్శనను క్షేత్రకార్యం సగంలో ఉన్నప్పుడు, దూరంగా ఉన్న పరిశోధకుడు వీడియోలోనైనా పాల్గొనగలిగేలా జరపడానికి పెద్ద ఖర్చేమీ లేదు. సాటి పరిశోధకులు అడిగిన ప్రశ్నలను, తరువాతి సెమిస్టరులో వాటికి పరిశోధకుడు ఇచ్చిన జవాబులను, తెలుగు క్షేత్ర పుస్తకంలోని సంబంధిత పుటలతో సహా సలహా సంఘం దస్త్రంలో ఉంచితే, పర్యవేక్షణ జరిగిందో లేదో చూడటానికి పరీక్షకుడికి పోలిక శాతంతో పాటు మరో ఆధారం దొరుకుతుంది. అలాంటి దస్త్రం ఉన్న వ్యాసం ఎన్ని కిలోమీటర్ల దూరం నుంచి రాసిందన్న ప్రశ్న ఎవరికీ అవసరం ఉండదు. అది లేని రెగ్యులర్ వ్యాసాన్ని ఏ ప్రాతిపదికన ‘రెగ్యులర్’ అనాలన్నది యు.జి.సి. ఇప్పటికీ అడగని ప్రశ్న.